నొక్కొద్దు మాస్టారి గొంతు

మా అన్నయ్యకి బజారంతా పెట్టిన పేరు నొక్కొద్దు మాస్టారు. పాఠాలు చెప్పే మాస్టారేమీ కాదు. చిన్న చిన్న దుకాణాల కంప్యూటర్లు చూసుకునే మనిషి. మందుల షాపు, పళ్ళ డాక్టరు, ప్రింటింగ్ ప్రెస్సు, కళ్ళజోళ్ళ కొట్టు, ఫొటో స్టూడియో... బిల్లుల మిషను మొరాయించినా, ప్రింటరు కాగితం మింగినా వీళ్ళకి ముందు గుర్తొచ్చేది ఆయనే. మెట్ల కింద గదే మా ఆఫీసు. ఫోన్లు ఎత్తేది నేను, తిట్లు తినేది నేను, “దారిలో ఉన్నాడండీ, వచ్చేస్తున్నాడు” అని అబద్ధాలాడేదీ నేనే.

వారం వారం కస్టమర్లందరికీ తన గొంతు రికార్డు చేసి పంపేవాడు. “అమ్మా, అయ్యా, అందరూ బాగున్నారా? ఈ వారం మీ తెర మీద కుడి మూల అప్‌డేట్ అని ఒక డబ్బా వచ్చి కూర్చుంటుంది. కూర్చోనివ్వండి, పలకరించకండి. ముందు నా మిషన్లో పెట్టి చూస్తాను. నేను చెప్పేదాకా నొక్కొద్దు.” రెండు రోజులు పోయాక మళ్ళీ అదే గొంతు. “ఇక నొక్కండి. భయం లేదు.” అంతే, బజారు బజారంతా నొక్కేది. ఒకప్పుడు తొందరపడి నొక్కి ప్రింటర్లన్నీ పడుకోబెట్టుకున్నవాళ్ళే వీళ్ళంతా, అందుకే ఆ భయమూ భక్తీ.

ఆ మధ్య ఎవడో దొంగవెధవ అన్నయ్య పేరుతో మెసేజి రాసి కళ్ళజోళ్ళాయన్ని బుట్టలో వేసుకోబోయాడు. ఆ వారమే అన్నయ్య కొత్త షరతు పెట్టాడు. “రాసి పంపింది నమ్మొద్దు. ఇంకొకరి గొంతు నమ్మొద్దు. మా చెల్లి చెప్పినా సరే. నా నోటితో వింటేనే నొక్కండి.”

“అంటే నేను దొంగనా?” అని ఇంతెత్తున లేచాను.

“కాదా? నా క్యారేజీలో సగం రోజూ ఖాళీ చేసేది ఎవరే?” అని పకపకా నవ్వాడు. ఆ నవ్వు వీధి చివరిదాకా వినపడేది.

తర్వాత ఆ గొంతు బొంగురుపోయింది. పొద్దస్తమానం వాగితే పోదా అని నేనే వెక్కిరించాను. నెలలు గడిచినా తగ్గకపోతే వదిన పోట్లాడి ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళింది. గొంతులో క్యాన్సర్ పుండు ముదిరిందన్నారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు. మెడ దగ్గర చిన్న రంధ్రం పెడతారు, ఊపిరి అక్కడినుంచే. ఇక మాట రాదు.

ఆపరేషన్ ముందు రోజు నా చెయ్యి పట్టుకుని, “ఎవరికీ చెప్పకు. పనిమీద ఊరెళ్ళాడని చెప్పు,” అన్నాడు.

“ఎన్నాళ్ళు చెప్పను? వచ్చాక తలుపు చాటున దాక్కుంటావా?”

“మూగవాడికి ఎవడే ఫోన్ చేసేది? నా పనంతా నోటితోనే కదా. ఆ నోరే లేదంటే రేపట్నుంచి ఒక్కడూ పిలవడు.”

నాకు ఒళ్ళు మండింది. అరవబోయి ఆయన మొహం చూశాను. అంత భయపడ్డ మొహం మా అన్నయ్యకి ఉంటుందని నాకు తెలియదు. సరే అన్నాను.

ఇంటికొచ్చాక పలకా బలపమే ఆయన నోరు. మెడకి ఇంకా కట్టు ఉండగానే మళ్ళీ కంప్యూటరు ముందేసుకున్నాడు. ఒకరోజు మధ్యాహ్నం గబగబా పలక మీద రాసి నా మొహం ముందు పెట్టాడు. ఎక్కడెక్కడో కంప్యూటర్లలోకి ఒక పురుగు దూరి ఫైళ్ళన్నిటికీ తాళాలు వేసేస్తోందట. కొత్త అప్‌డేట్ పెట్టుకున్నవాళ్ళ జోలికి రావడం లేదట. “అందర్నీ ఇప్పుడే నొక్కమను.”

అందరికీ రాసి పంపాను. ఒక్కరూ నొక్కలేదు. ఫోన్లు చేస్తే ప్రెస్సాయన నవ్వాడు. “నువ్వు చెప్పినా నమ్మొద్దని మీ అన్నే చెప్పాడు కదమ్మాయ్. ఊరినుంచి రానీ, ఆయన్నే చెప్పమను.”

“పాత రికార్డుల్లో ‘ఇక నొక్కండి’ ఉంది కదా, అదే పంపేద్దాం,” అన్నాను అన్నయ్యతో.

“అది దొంగలు చేసే పని,” అని రాశాడు.

“అయితే గొంతు పోయిందని చెప్పేస్తాను. కొంప మునిగేలా ఉంది.”

పలక తుడిచేశాడు. “నేనే వెళ్తా,” అని రాశాడు. లేచి మెడకి మఫ్లర్ చుట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. వదిన వద్దు వద్దంటూ వాకిలిదాకా వచ్చింది. ఆగలేదు. తన చేత్తోనే నొక్కుతాడట! మొండివాడు కాదూ! వెనకాలే పరిగెత్తాను.

షాపు షాపుకీ ఎక్కాం. ఆయన నవ్వుతూ కంప్యూటరు ముందు కూర్చునేవాడు, జలుబు చేసింది, డాక్టరు మాట్లాడొద్దన్నాడని నేను కథలు చెప్పేదాన్ని. మందుల షాపు, ప్రెస్సు, కళ్ళజోళ్ళ కొట్టు అయ్యాయి. పళ్ళ డాక్టరుది కూడా ముగించి మెట్లు దిగేసరికి అన్నయ్య ఊపిరాడక గోడకి ఆనుకుండిపోయాడు. మిగిలింది స్టూడియో తాత ఒక్కడే, వీధి అవతలి కొసన. నడవలేని మనిషిని అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి, ఒంటరిగా వదిలి వెళ్ళలేక తాతకి ఫోన్ చేశాను.

“తాతా, నీకు పుణ్యముంటుంది, అప్‌డేట్ నొక్కెయ్యి.”

“మీ అన్న పక్కనున్నాడా? ఒక్క ముక్క చెప్పమను, ఇప్పుడే నొక్కుతా.”

అన్నయ్య ఫోను లాక్కున్నాడు. పెదాలు కదిలాయి. మెడలోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

“హలో... హలో... లైను బాగాలేదు, రేపు చెయ్యమ్మా,” అని తాత పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. అన్నయ్యని ఎలాగో ఇంటికి చేర్చాను.

పొద్దున తాతే ఫోన్ చేశాడు. ఇద్దరం వెళ్ళేసరికి తెర నిండా ఎర్ర అక్షరాలు. తాళం పడింది. నకళ్ళు దాచుకునే డిస్కు కూడా దానికే తగిలించి ఉంది, అదీ పోయింది. అన్నయ్య మధ్యాహ్నందాకా కుస్తీ పట్టి చివరికి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“జనం ఫొటోలన్నీ అచ్చు వేసి ఇచ్చేశాన్లే. మా ఆవిడవే పోయాయి,” అన్నాడు తాత. ఆవిడ కౌంటర్లో కూర్చునేది. వెలుతురు సరిచూసుకోవడానికి పొద్దున్నే ముందు ఆవిడని ఒక ఫొటో తీశాకే ఆయన పని మొదలుపెట్టేవాడు. నిరుడు ఆవిడ పోయింది. అందరికీ ఫ్రేములు కట్టిచ్చిన మనిషి ఆవిడది ఒక్కటీ అచ్చు వేసుకోలేదు. ఇందులోనే ఉన్నాయి కదా, ఎక్కడికి పోతాయిలే అనుకున్నాడట.

“నువ్వు చెప్తావని చూశానయ్యా,” అన్నాడు అన్నయ్యతో. “చెల్లాయి బతిమాలింది. అయినా నీ మాట దాటలేదు.”

నింద వేసి ఉంటే బాగుండేది. అన్నయ్య లేచి మఫ్లర్ విప్పాడు. తాత దగ్గరికొచ్చి ఆ రంధ్రం వైపు చూశాడు. చెయ్యి ముందుకు చాచి మళ్ళీ తీసేసుకున్నాడు.

“ఎంత పని జరిగిందయ్యా! ఎందుకు దాచావు? గొంతు పోయిందని ఒక్క ముక్క రాసుంటే నీ రాతే నమ్మేవాణ్ణి కదా!”

ఆ మాట అని కళ్ళు తుడుచుకుంటూ తెర వైపు తిరిగాడు. ఆవిడకి పసుపు చీర బాగుండేదనీ, నవ్వమంటే నవ్వేది కాదనీ ఏదేదో చెప్పుకుపోతున్నాడు. వెనక అన్నయ్య బల్ల పట్టుకుని ఏడుస్తున్నాడు. ఒళ్ళంతా అదిరిపోతోంది, చప్పుడు మాత్రం లేదు. గొంతు తీసేస్తే ఏడుపు కూడా వినపడదని అప్పటిదాకా నాకు తెలియదు. తాతకి అసలే తెలియదు.

“తాతా,” అన్నాను, “ఒక్కసారి ఇటు చూడు.”