వేపచెట్టుకు కన్యాదాత

మే నెల చివరి ఆదివారం. అనంతపురం శివార్లలోని వృక్షోద్యానం. వేసవి కార్యక్రమాల్లో ఆఖరి రోజు.

హాజరైనవారు: మా వాకర్ల సంఘం అధ్యక్షుడు, ఆయన భార్య, టీచరమ్మ, పురోహితుడు, తోటమాలి, కార్యదర్శిగా నేను. వీళ్లు కాక పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, షామియానా నీడ పట్టినంతమంది. వాన: లేదు.

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఈ జిల్లాలో ఆ శాఖ ఉద్యోగమంటే ఎక్కువ కాలం ఎండిన కాలవల గట్ల మీద నడవడమే. ఆ నడక అలవాటే నన్ను రిటైరయ్యాక ఈ తోటలోకి తెచ్చింది. రోజూ పొద్దున వచ్చేవాళ్లమంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం. ఎండాకాలం సెలవుల్లో ఆదివారం ఆదివారం పిల్లలకు ఏదో ఒకటి చేయించాలని తోట అధికారులు అడిగితే ఒప్పుకున్నాం. ఒక వారం చెట్ల బొమ్మలు గీయించాం. ఇంకో వారం ఎర్రమట్టి, పేడ కలిపి విత్తనబంతులు చేయించాం. పిల్లలు వాటిని గుట్ట మీదికి విసరకుండా ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. మరో వారం కళ్లకు గంతలు కట్టి ఆకు వాసన చూసి పేరు చెప్పే ఆట పెట్టాం.

ఆ ఆటలో పిల్లలతో పాటు పెద్దలూ కూర్చున్నారు. అధ్యక్షుడు రెవెన్యూలో పెద్ద ఉద్యోగం చేసిన మనిషి. ఆయన కరివేపాకు వాసన చూసి, చాలాసేపు ఆలోచించి, గోరింటాకు అన్నాడు. టీచరమ్మ అక్కడే ఉంది. ఆమె ప్రధానోపాధ్యాయురాలిగా రిటైరైంది. నోరు ఇంకా రిటైరు కాలేదు.

"అక్కా, చారులో గోరింటాకు వేస్తాండావా ఏమి ఇంట్లో?" అని అధ్యక్షుడి భార్యను అడిగింది. "తింటే అన్నకు నాలుక ఎర్రగా పండుతాంటుందే."

పిల్లలు విరగబడి నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు. ఆయన భార్య నవ్వలేదు.

ఆఖరి ఆదివారానికి చెట్ల పెళ్లి అనుకున్నాం. రావికీ వేపకూ పెళ్లి చేస్తే వాన పడుతుందని మా వైపు నమ్మకం. రావి పెళ్లికొడుకు, వేప పెళ్లికూతురు. కొన్ని ఊళ్లలో గాడిదలకు చేస్తారు, కొన్ని ఊళ్లలో కప్పలకు చేస్తారు. మాది చదువుకున్నవాళ్ల సంఘం కాబట్టి చెట్లకు చేద్దామన్నాం.

జంట సిద్ధంగానే ఉంది. తోట మధ్యలో రాతికట్ట మీద ఒక రావి, దాని పక్కనే ఒక వేప, రెండూ మనిషెత్తు దాటి పెరిగినవి. రావిని నాటింది అధ్యక్షుడు. నాటిన రోజు ఫోటో దిగాడు, ఆ తర్వాత దాని బాధ్యత తోటమాలిది. వేపను నాటింది టీచరమ్మ, ఆమె భర్త. బోరు ఎండిపోయిన ఎండాకాలాల్లో ఇద్దరూ మోపెడ్ మీద ఇంటినుంచి నీళ్లు తెచ్చేవారు. ఆయన నడిపేవాడు, ఆమె వెనక కూర్చొని రెండు చేతుల్లో రెండు క్యాన్లు పట్టుకునేది. వాళ్లకు పిల్లలు లేరు. "బిడ్డకు పెండ్లీడు వచ్చింది. అల్లుడు పక్కింట్లోనే ఉండాడు, కట్నం మాట్లాడుకోవాల" అని ఆయన నవ్వించేవాడు. మొన్న చలికాలంలో ఆయన పోయాడు. ఆ తర్వాత ఆమె ఒక్కతే ఆటోలో ఒక క్యాను పట్టుకొని వచ్చేది.

పెళ్లి మాట వచ్చినప్పుడు ఆమె సంఘాన్ని ఒకటే అడిగింది. కన్యాదానం తన చేతుల మీద జరగాలని. పీటల మీద దంపతులే కూర్చోవాలన్న సంగతి ఆమెకు తెలుసు. "ఆయన ఫోటో పక్కన పెట్టుకుంటా. అయ్యవారిని అడిగినా. చెట్టు పెండ్లికి అంత పట్టింపు లేదన్నాడు" అంది. ఎప్పుడూ వెటకారంగా మాట్లాడే మనిషి ఆ రోజు చేతులు ఒళ్లో పెట్టుకొని అడిగింది.

"మీరు కాక ఇంకెవరున్నారమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. అందరం చప్పట్లు కొట్టాం. అచ్చు వేయించిన కార్డులో కన్యాదాత అని ఆమె పేరే పడింది.

ఆ ఆదివారం ఆమె అందరికంటే ముందు వస్తుందనుకున్నాను. నేను వెళ్లేసరికి అధ్యక్షుడు, ఆయన భార్య పట్టుబట్టలతో పీటల మీద కూర్చొని ఉన్నారు. రావిచెట్టుకు పంచె, కండువా చుట్టారు. టీచరమ్మ వేప ఉన్న వైపు ఏమీ లేదు. దాని కొమ్మకు స్పీకరు పెట్టె కట్టారు. రావికి రెండో వైపున నర్సరీ సంచిలో ఒక మొక్క ఉంది, నా నడుమెత్తు. దానికి పసుపు పూసి, ఎర్ర చీర చుట్టి, బాసికం కట్టి ఉంది.

టీచరమ్మ ఆటో దిగి వచ్చింది. పట్టుచీర కట్టుకుంది. చేతిసంచిలో ఆయన ఫోటో, చెట్టుకు చుట్టడానికి పచ్చటి చీర ఉన్నాయి. కట్ట దగ్గరికి వచ్చి, పీటలను, మొక్కను, స్పీకరును ఒకదాని తర్వాత ఒకటి చూసింది.

"ఇదేంది?" అంది.

"రాండి టీచరమ్మా, రాండి. ఆ కుర్చీలో కూచోండి, నీడ బాగుండాది" అన్నాడు అధ్యక్షుడు.

"కార్డులో నా పేరుండాది."

"ఉండాది గదా. అది అట్లే ఉండాది, దాన్నెవరు తీసేసినారు? పేరు మీది. కూచునేది మేము. అంతే తేడా."

ఆమె పురోహితుడి వైపు చూసింది. ఆయన అక్షతల పళ్లెంలో పసుపు కలుపుతూ తల ఎత్తలేదు.

"సరే, మీరే కూచోండి" అంది టీచరమ్మ. గొంతు అప్పటికే తగ్గింది. "పెండ్లికూతురు నా చెట్టే గదా. దానికి చీర నన్ను కట్టనియ్యండి. కట్టి పోయి కూచుంటా."

అధ్యక్షుడి భార్య కొంగు సర్దుకుంది. "అదే గదా టీచరమ్మా కష్టం. మేము వాన కోసరం చేస్తాండాము. మొగుడు పోయిన చేత్తో నీళ్లు పోసిన చెట్టుకు తాళి కడితే వానొస్తాదా? ఉండే రెండు వాన మోడాలు గూడా కర్ణాటకకు పోతాయి. అందుకే ఈయప్ప నిన్న పోయి కొత్త వేప తెచ్చినాడు."

"ఆయన ఉన్నప్పుడు గూడా పోసినా గదక్కా."

"ఆఖర్న పోసిందెవరు?"

పిల్లల తల్లుల్లో ఇద్దరు ముఖాలు చూసుకున్నారు. ఒకామె నవ్వు ఆపుకోవడానికి కొంగు అడ్డం పెట్టుకుంది. కార్డు అచ్చయి ఊరంతా పంచామని నేనన్నాను. "ఏమప్పా, నువ్వు మైకు చూసుకో" అన్నాడు అధ్యక్షుడు. నేను మైకు దగ్గరికి వెళ్లాను. కన్యాదాతలు అధ్యక్ష దంపతులు అని చదివాను. టీచరమ్మ వేపచెట్టు కొమ్మ మీదినుంచి ఆ మాట తోటంతా వినిపించింది.

"ఉత్తగా కూచునేకంటే పిల్లోళ్లకు మజ్జిగ పోయండి టీచరమ్మా, పుణ్యమొస్తాది" అని అధ్యక్షుడి భార్య పీట మీదినుంచే చెప్పింది.

టీచరమ్మ మజ్జిగ పోయలేదు, వెళ్లిపోనూ లేదు. మైకు దగ్గర నా పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మంత్రాలు మొదలయ్యాయి. కాసేపటికి నా మోచెయ్యి తట్టింది.

"సార్, పెండ్లికూతురి ఆకు చూసినారా?"

చూశాను. వేపాకుకు ఒకే ఈనె, దానికి రెండు వైపులా రంపపు అంచు రెక్కలు. ఈ మొక్క ఆకులో పెద్ద ఈనెనుంచి చిన్న ఈనెలు చీలి, వాటికి రెక్కలు వచ్చాయి. అది వేప కాదు, మలబారు వేప. మొక్కగా ఉన్నప్పుడు పైపైన చూస్తే వేపలాగే ఉంటుంది, జాతి వేరు. మా జిల్లా రైతులు ఈమధ్య దాన్ని తోటలు తోటలుగా పెడుతున్నారు. కొన్నేళ్లు పెంచి, కొట్టి, ప్లైవుడ్ కంపెనీలకు అమ్ముతారు.

నేను కుర్చీలోంచి లేవబోయాను. ఆమె నా చొక్కా అంచు పట్టుకొని లాగింది.

"కూచోండి సార్. ముహూర్తం మించిపోతాది."

కూర్చున్నాను. చెప్పి ఉంటే పెళ్లి ఆగేది, ఆమె చెట్టుకే జరిగేదేమో కూడా. అయితే చెప్పే హక్కు ఆమెదనిపించింది. ఆమె చెప్పదలచుకోలేదు.

పురోహితుడు కన్యాదానం మంత్రం చెప్పించాడు. అధ్యక్షుడి భార్య నీళ్లు వదిలింది, ఆయన మొక్క కొమ్మను రావి కొమ్మకు ఆనించాడు. ఆ తంతు జరుగుతున్నంతసేపు టీచరమ్మ పెదవులు కదిలాయి. మంత్రం ఆమెకు కంఠతా వచ్చు. నెలరోజులుగా నేర్చుకుంటోందని తర్వాత తెలిసింది. సెల్‌ఫోన్‌లో పెట్టిన నాదస్వరం స్పీకరులో మోగింది. మాంగల్యధారణ అన్నప్పుడు పిల్లలు గుప్పిళ్లతో బియ్యం విసిరారు. సరిగ్గా అప్పుడు టీచరమ్మ గట్టిగా నవ్వింది. అందరూ తిరిగి చూశారు.

"ఏమట్ల నవ్వుతాండారు?" అంది అధ్యక్షుడి భార్య.

"సంతోషం పట్టలేక అక్కా. మంచి సంబంధం తెచ్చినారు. కలప సంబంధం."

ఎవరికీ అర్థం కాలేదు. ఎండకు ఆమెకు తల తిరిగిందన్నారు. పులిహోర పంచాం, బొమ్మలు గీసిన పిల్లలకు బహుమతులిచ్చాం. టీచరమ్మ ఏమీ తినకుండా, తెచ్చిన చీర సంచిలోనే పెట్టుకొని వెళ్లిపోయింది. గేటు దగ్గర ఒక చిన్నపిల్ల ఆమెను ఆపి, మీ చెట్టుకు ఎప్పుడు పెళ్లి అని అడగడం చూశాను. ఏం జవాబు చెప్పిందో వినిపించలేదు.

మరునాడు పొద్దున నేను నడకకు వెళ్లేసరికి కట్ట దగ్గర అధ్యక్షుడు, ఆయన భార్య, తోటమాలి నిలబడి ఉన్నారు. నర్సరీవాడు తెల్లవారగానే ఫోన్ చేశాడట. "సార్, మొన్న మీకిచ్చింది పొరపాటున వేరే రైతు కోసం పక్కన పెట్టిన మలబారు వేప. తెచ్చిచ్చి మార్చుకోండి" అన్నాడట.

"ప్లైవుడ్డు చెట్టుకు కన్యాదానం చేయిస్తివే నాతో!" అని ఆమె మొగుణ్ణి తిడుతోంది. "చెట్లసంఘానికి పెసిడెంటంట! ఇంక వానెట్లొస్తాదప్పా? ఊరంతా తెలిస్తే నేను యాడ తలకాయ పెట్టుకోవల్ల?"

ఊరికి తెలియకముందే సరిచేయాలని ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ సాయంత్రమే, ఎవరినీ పిలవకుండా, అసలైన వేపకు మళ్లీ పెళ్లి చేయడం. అసలైన వేప ఆ కట్ట మీద ఒకటే ఉంది. అప్పుడే టీచరమ్మ క్యాను పట్టుకొని వచ్చింది.

అధ్యక్షుడు ఎదురెళ్లి క్యాను అందుకోబోయాడు. ఆమె ఇవ్వలేదు. "టీచరమ్మా, జరిగింది జరిగింది. సాయంత్రం మీ చెట్టుకే చేద్దాం. పీట మీద మీరే. ఫోటో గూడా తెచ్చుకోండి. మేము పక్కన నిలబడతాం" అన్నాడు.

ఆమె ముఖంలో ఏదో మెత్తబడింది. క్యాను కింద పెట్టింది. ఆ క్షణాన ఒప్పుకుంటుందనే నేననుకున్నాను.

"దీన్నేం చేస్తారు?" అని మొక్కను చూపించింది.

"నర్సరీకి వాపసిచ్చేస్తాం. మార్చుకోమన్నాడు."

"మెడలో తాళి ఉండాది గదా."

తీయమని అధ్యక్షుడు తోటమాలికి సైగ చేశాడు. "నాకు పెండ్లాం ఉండాది సార్. కట్టిన తాళి నేను ముట్టను" అని వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. అధ్యక్షుడు భార్యను చూశాడు. ఆమె తన మంగళసూత్రం కళ్లకద్దుకొని తల అడ్డంగా ఊపింది. తర్వాత ఆమె ముఖం తేటపడింది. తిట్టాలని కాదు, నిజంగానే దారి దొరికినట్టు చెప్పింది:

"టీచరమ్మను తియ్యమంటే సరిపాయ. ఆయమ్మకింక దోషమేం తగుల్తాది?"

టీచరమ్మ వంగింది. పురోహితుడు వేసిన మూడు ముళ్లను తాడు తెగకుండా ఒక్కొక్కటిగా విప్పింది. పసుపుతాడును అరచేతిలో పెట్టుకొని అధ్యక్షుడి భార్య ముందుకు చాచింది.

"పట్టుకో అక్కా."

ఆమె చేతులు కొంగులో దాచుకుంది. టీచరమ్మ తాడును కట్ట మీద పెట్టింది.

"సాయంత్రం ఐదుకు అయ్యవారిని..." అని అధ్యక్షుడు మొదలుపెట్టాడు.

"ఏమన్నా, నా బిడ్డను రెండో పెండ్లివానికి ఇమ్మంటావా? అదీ మొదటి పెండ్లాన్ని మర్నాడే నర్సరీకి వాపసిచ్చేవానికి?"

"చెట్టమ్మా అది! ఉత్త చెట్టు!"

"నా చెయ్యి తగలకూడదన్నప్పుడు ఉత్త చెట్టని గుర్తు రాలేదే."

ఆమె వేప కొమ్మకు ఇంకా వేలాడుతున్న స్పీకరు పెట్టె తాడు విప్పి దాన్ని నేల మీద దించింది. పాదులో నీళ్లు పోసింది, మట్టి మొత్తం పీల్చుకునేదాకా నిలబడింది. సాయంత్రం పీట మీద కూర్చోవచ్చు, ఎవరూ అడ్డం చెప్పరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఖాళీ క్యాను పట్టుకొని గేటు వైపు నడిచింది.

అధ్యక్షుడు తోటమాలితో మొక్కకు పసుపు కడిగించాడు. చీర మడతపెట్టించి భార్య చేతికిచ్చాడు. తర్వాత మొక్కను కారు డిక్కీలో అడ్డంగా పడుకోబెట్టించుకొని నర్సరీకి బయల్దేరాడు.