సార్ పూసిన పలక

మా సార్ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. గుండెపోటు. ఏడుపు కంటే ముందు నాకు దూలపల్లి షెడ్డులో నీళ్ళను విడగొడుతూ నడుస్తున్న సెల్ గుర్తొచ్చింది. దాన్నిప్పుడు ఎవరు చూస్తారు?

మేడ్చల్‌లో కెమిస్ట్రీ పాఠాలు చెప్పి రిటైరయ్యాక సార్ ఆ షెడ్డు పెట్టారు. నీళ్ళలోకి కరెంటు పంపి హైడ్రోజన్ తీయడం అక్కడ ఆయన శిష్యులం కొందరం చేసే పని. అందులో మొండిది ఆక్సిజన్ వచ్చే వైపు. అక్కడ ఖరీదైన లోహాలు వాడితే పని సులువు. సార్ ఒప్పుకునేవారు కాదు. "ఇరిడియంతోని ఎవడైనా జేస్తడు. ఇనుప సామాన్ల దుకాణంల దొరికేదాంతోని జెయ్యున్రి" అనేవారు.

ఒకసారి ఉత్త నికెల్ పలకే అద్భుతంగా పనిచేసింది. మేం ఎగిరి గంతేసి మిఠాయి తెచ్చాం. సార్ మిఠాయి తింటూనే, "మంచి రిజల్ట్ వస్తే ముందుగాల భయపడాలె బిడ్డా. పలకను ఏ నీళ్ళతోని కడిగిన్రు?" అన్నారు. బోరు నీళ్ళతో. తుప్పు పైపులోంచి వచ్చిన ఇనుమే ఆ పనంతా చేసింది. మాకు తల కొట్టేసినట్టయింది. "పోనీ తియ్యిన్రి, గా ఇనుమునే కొలిచి పూద్దాం" అని సార్ ఆ రోజే మొదలుపెట్టారు.

ఆయన చేత్తో పూసిన చివరి పలకే ఇప్పుడు సెల్‌లో ఉంది. ఆపితే పూత రాలిపోవచ్చు. వోల్టేజీ పెరిగితే పూత పాడవుతున్నట్టే.

లాల్‌గడి మలక్‌పేట్‌లో వాళ్ళింటికి వెళ్ళగానే సార్ భార్య నా చెయ్యి పట్టుకుంది.

"మిషిన్ బందు వెట్టిన్రా?"

"లేదమ్మా, నడుస్తాంది."

"నడవనియ్యిన్రి. ఆయన పాణమంత దాని మీదనే ఉండె."

అప్పటినుంచీ నాకు కాలు నిలవలేదు.

దహనం అయ్యాక, స్నానం చేసి షెడ్డుకు పరుగెత్తాను. వోల్టేజీ పెరిగి ఉంది. సార్‌నీ, సార్ పనినీ ఒకేసారి పోగొట్టుకున్నామనుకున్నాను. నా వెంట వచ్చిన జూనియర్ అమ్మాయి సెల్ మీదికి వంగింది.

"అక్కా, నీళ్ళేంది గింత కిందికి దిగినయ్?"

నీళ్ళు విడిపోతుంటే తరిగిపోతాయి; పలక బయటపడితే పూత బాగున్నా వోల్టేజీ పెరుగుతుంది. ఎవరో ఒకరు రోజూ పోయాలి. మాలో ఎవరమూ ఎన్నడూ పోయలేదు. మేం వచ్చేసరికే సెల్ నిండుగా ఉండేది. ఎవరు నింపుతున్నారో అడగాలని కూడా మాకు తోచలేదు.

డిస్టిల్డ్ వాటర్ తెచ్చి కొంచెం కొంచెంగా పోశాను. పైకి తేలి ఎండిన పలక అంచు మునిగింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఆ అంచు పొడవునా సన్నటి బుడగలు లేచాయి.