రంది కాదక్కా, బుగులు

2023 వానాకాలం. సూరత్‌లో గోడాదరా వైపున్న ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. మాది గుంటూరు. మా ఆయనకు హజీరాలో ఉద్యోగం కావడంతో అడాజన్‌లో కాపురం పెట్టాం. మా డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ. మరమగ్గాల ఇళ్ల నుంచి తెలంగాణ ఆడవాళ్లు కాన్పుకు వస్తే ఆవిడకు నేనే దుబాసీని.

అలా వచ్చిన లావణ్యకు తొలికాన్పు, ఆడపిల్ల. కాన్పు సుఖంగానే అయింది. బిడ్డను రాత్రీపగలూ తల్లి పక్కనే ఉంచడాన్ని మేం రూమింగ్-ఇన్ అంటాం. ఈ పిల్ల మాత్రం పాలివ్వడం కాగానే పాపను అత్త చేతికి ఇచ్చేసేది. కోడలు కడుపుతో ఉండగానే ఆమె తల్లి పోయిందనీ, ఆ రంది ఇంకా తీరలేదనీ అత్త చెప్పింది. రంది అంటే మా వైపు దిగులే కదా అనుకుని, డాక్టరమ్మకూ అదే చెప్పాను. ఆవిడ లావణ్యను ఓదార్చి, మర్నాడు డిశ్చార్జ్ అంది.

సాయంత్రం నేనూ ధైర్యం చెప్పబోయాను. రంది పెట్టుకోకమ్మా అన్నాను.

"రంది కాదక్కా, బుగులు."

బుగులంటే భయమని తెలుసు. తల్లి పోయినందుకు భయమేమిటి? ఇంట్లో ఎవరైనా కొడతారా, పాపకేమైనా అవుతుందనా అని అడిగితే అన్నింటికీ తల అడ్డంగా ఊపింది. నాకు తలా తోకా అర్థం కాలేదు. కాస్త విసుగు కూడా వచ్చింది.

"రందైతె ఏడుస్త గద. ఏడిస్తె జర అల్కగైతది. ఇది ఏడ్వనిస్తలేదు."

"మరి దేన్ని చూసి బుగులమ్మా?"

దుప్పటి అంచు నలుపుతున్న తన చేతులవైపు చూసుకుంది. "నన్ను జూసే. పాపతోని ఒక్కదాన్నే ఉంటె నా చేతులు ఏం జేస్తయో అని."

పాపను కాపాడుకోవడానికే అత్తకు ఇచ్చేస్తోంది పిచ్చితల్లి. దాన్ని మేమంతా దుఃఖం అనుకుని ఇంటికి పంపేయబోయాం. పరుగున వెళ్లి చెప్పాను. డాక్టరమ్మ డిశ్చార్జ్ ఆపి మానసిక వైద్యుణ్ని పిలిపించింది. కొందరు బాలింతలకు ఇలాంటి ఆలోచనలు వస్తాయనీ, మందులతో తగ్గుతాయనీ, ఆమెను ఒంటరిగా వదలొద్దనీ ఆయన అత్తకు నచ్చజెప్పాడు.

కొన్ని నెలలకు టీకా కోసం వచ్చారు. పాప లావణ్య ఒళ్లోనే ఉంది. కానీ ఆమె కళ్లు ఉబ్బి ఉన్నాయి. మళ్లీ బుగులా అని భయపడుతూ అడిగాను.

"లేదక్కా, ఇప్పుడు రందే. అమ్మ యాదికొస్తది. మస్తు ఏడుస్త."

ఆ మాటకు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. మనిషి ఏడుస్తున్నానంటే నర్సు మురిసిపోవడమేమిటో నాకే వింతగా ఉంది. ఆ రెండు మాటల తేడా పూర్తిగా తెలిసిందని ఇప్పటికీ అనలేను. ఏ బాలింతైనా మనసు బాగాలేదంటే మాత్రం, ఏడుపు వస్తోందా అమ్మా అని ముందు అడుగుతాను. రావడం లేదంటేనే నాకు భయం.