లలిత సైకిల్‌కు కొత్త హబ్బు: రుద్రారం నుంచి కర్దనూర్ దాకా ఒక రోజు

మా ఆవిడ లలిత రోజూ పొద్దున్నే రెండు క్యాన్ల పాలు సైకిల్‌కు కట్టుకుని రుద్రారంలోని ఒక విద్యార్థుల హాస్టల్‌కు చేరవేస్తుంది. మా ఊరి నుంచి అక్కడికి నాలుగు కిలోమీటర్లు, పొలాల మధ్య మట్టి దారి. మధ్యలో గుట్ట పక్కన ఒక ఎత్తు ఉంది. అంత బరువుతో ఆ ఎత్తు ఎక్కేసరికి ఆమెకు ఊపిరి అందేది కాదు. స్కూటర్ కొందామంటే ఒప్పుకోలేదు. తొమ్మిదో తరగతి నుంచీ సైకిలే తొక్కిన మనిషి. అందుకని నిరుడు ఫ్యాక్టరీ షిఫ్టు అయిపోయాక సాయంత్రాలు కూర్చుని ఆమె సైకిల్‌కే వెయ్యి వాట్ల బ్యాటరీ మోటారు బిగించాను. ఇది పెడళ్ల దగ్గర అమర్చే రకం. దాని బలమంతా చైను గుండా వెనక చక్రానికి వెళ్తుంది. మోటారు మంచిదే కొన్నాను కానీ చైను, వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్బు, దానికి బిగించే పళ్ల చక్రం, అంటే ఫ్రీవీల్ మాత్రం పాతవే ఉంచేశాను. అవి మనిషి కాలి బలాన్ని తట్టుకోవడానికి చేసినవి. (మీరూ ఇలాంటి మోటారు పెట్టాలనుకుంటే, ఇంత బలమున్నవాటికి వేరే నియమాలుంటాయి. రవాణా ఆఫీసులో ముందే కనుక్కోండి.)

మూడు నెలల క్రితం, సరిగ్గా ఆ ఎత్తు మీదే ఫ్రీవీల్ లోపలి ముక్కలు విరిగిపోయాయి. పెడళ్లు ఉత్తగా తిరిగాయి. సైకిల్ వెనక్కి జారి, క్యాన్ల బరువుకు పక్కకు ఒరిగింది. లలిత కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఉంది. అన్నాళ్లూ, ఆ తర్వాత కూడా పాలు నేనే వేరే సైకిల్ మీద తీసుకెళ్లాను. పోయిన నెల "ఇగ నేను పోత" అంది. ఆమె మళ్లీ సైకిలెక్కేలోపే ఆ భాగాలన్నీ మార్చాలని, సెలవు రోజు చూసుకుని ఒక్కణ్నే పటాన్‌చెరు బయల్దేరాను. ఆమె అప్పటికే చెప్పులేసుకుని గడపలో నిలబడి ఉంది.

"నేను గూడ వస్త. నా కింద తిరిగే చక్రం నేను సూస్కోవద్దా?"

వెనక చక్రం ఊడదీసి గోనెసంచిలో చుట్టుకుని ఎనిమిదింటికి రుద్రారంలో బస్సెక్కాం. లలిత ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. నాకు ముప్పై రూపాయలు. కండక్టరమ్మ సంచిని చూసి ఆగింది.

"ఏందన్నా గిది?"

"సైకిల్ చక్రం అక్కా. దీనికి గూడ టికెట్ కొట్టాల్నా?"

"ఒళ్లె వెట్టుకుంటే వద్దు. ఎవ్వలి కాళ్లకు తాకకుంట సూడు."

పొద్దున పూట కంపెనీ బస్సుల రద్దీ ఉంటుంది కాబట్టి ముప్పావుగంట పట్టింది. సామాన్ల దుకాణాలు పదింటికి గానీ తెరవరు. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో పూరీ చెప్పాం. లలితకు పూరీ తుంచడం కష్టమైంది. మణికట్టు తిరిగినప్పుడల్లా పళ్లు బిగబట్టేది. పూరీలు వేయిస్తున్న పెద్దమ్మ అది గమనించి, ఎవరూ అడక్కుండానే గిన్నెలో ఇడ్లీలు సాంబారులో నానబెట్టి, చెంచా వేసి తెచ్చింది.

"చెయ్యికి ఏమైంది బిడ్డా?"

"సైకిల్ మీదికెళ్లి పడ్డ."

పెద్దమ్మ గోనెసంచి వంక, నా వంక చూసింది. "ఈసారన్న మంచిది కొనియ్యి కొడుకా" అంది. నేను తల ఊపాను.

దుకాణం యజమాని అరవై ఏళ్ల మనిషి. తండ్రి కాలం నుంచీ సైకిల్ సామాన్ల వ్యాపారమే. అందరూ సేటు అంటారు. వెళ్లగానే నా కళ్లు వెండిలా మెరుస్తున్న తేలికపాటి హబ్బు మీద పడ్డాయి.

"మస్తు నడుస్తున్నది తమ్మి గిది. ఏడు గేర్లు. ఇప్పుడు అందరు గిదే అడుగుతున్నరు" అన్నాడు సేటు. మాటలన్నీ నాతోనే. లలిత మెల్లగా ముందుకొచ్చి, హ్యాండిల్‌కు బిగించే గేరు మీటను కుడి బొటనవేలితో నొక్కి చూసింది. రెండోసారి నొక్కేసరికి నొప్పితో ముఖం ముడుచుకుంది.

"నాతోని గాదు. రెండు క్యాన్లు ఏలాడుతుంటె హ్యాండిల్ ఇడిసి దీన్ని నొక్కుడు అస్సలు గాదు."

ఆ సంగతి నాకు తట్టనే లేదు. నేనొక్కణ్నే వచ్చి ఉంటే ఆ మెరిసే దాన్నే కొనుక్కుని పోయేవాణ్ని.

సేటు మొదటిసారి ఆమె వైపు తిరిగాడు. "బరువెంత ఉంటదమ్మా?"

"పాలు, క్యాన్లు కలిపి ముప్పై అయిదు కిలోలు. ఇగ నేను యాభై ఎనిమిది."

"ఎత్తు మీద ఆగుడు పడుతదా?"

"పడుతది. బర్లు అడ్డమొస్తె ఆగాలె. మల్ల ఆడికెళ్లే ఎక్కాలె."

సేటు లోపలికి వెళ్లి వేరే హబ్బు తెచ్చాడు. చూడ్డానికి మొరటుగా, బరువుగా ఉంది. సామాన్లు మోసే సైకిళ్లకు వాడేదట. మధ్యలో బొటనవేలంత ఉక్కు ఇరుసు, దుమ్ము చొరకుండా మూసేసిన బేరింగులు. తర్వాత రెండు ఫ్రీవీళ్లు విప్పి పక్కపక్కన పెట్టాడు. ముందుకు తొక్కినప్పుడు చక్రాన్ని పట్టుకుని లాగేవి లోపలుండే ఉక్కు ముక్కలే. మా పాత రకంలో అవి రెండే, గోరంత ఉన్నాయి. కొత్తదాంట్లో నాలుగు, మందంగా ఉన్నాయి.

"నిల్చున్న బండి కదిలినప్పుడే దెబ్బంత వీటి మీద పడుతదమ్మా. నీకు గిదే గావాలె" అన్నాడు.

ఇక వెనక పళ్ల సంఖ్య తేలాలి. పళ్లు తక్కువుంటే బండి ఉరుకుతుంది, ఎక్కువుంటే బరువు బాగా లాగుతుంది. నేను పద్దెనిమిది పళ్లది పట్టుకున్నాను. లలిత ఇరవై రెండు పళ్లదాని మీద చెయ్యి వేసింది.

"పాలు ఏడింటికి అందాలె. పది నిమిషాలు ముందు పోతె నాకేం ఇనామిస్తరా?"

సేటు పగలబడి నవ్వాడు. ఇరవై రెండు పళ్లదే తీసుకున్నాం. గేర్ల సైకిళ్లకు వాడే సన్న చైను కాకుండా, ఒంటి పళ్ల చక్రం మీద నడిచే వెడల్పాటి చైను, హబ్బుకూ రిమ్ముకూ మధ్య బిగించే మందం పుల్లలు ముప్పై ఆరు కూడా కలిపి మూడు వేల రెండు వందలయ్యాయి. అయితే ఆ పుల్లలకు హబ్బు రంధ్రాలు సరిపోవు, కొంచెం పెద్దవి చేయించాలన్నాడు సేటు. కర్దనూర్‌లో తనకు తెలిసిన లేత్ షాపు ఉందని చెప్పాడు. షేర్ ఆటోలో మనిషికి ముప్పై ఇచ్చి, పన్నెండు దాటాక అక్కడికి చేరాం.

లేత్ పని చేసే రాజేశ్ బిహార్ మనిషి. పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడట. హబ్బును వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఛేద్ ఛోటా హై భయ్యా. పెద్దగ చేస్త. ఏక్ ఘంటా." రంధ్రాలు చిన్నవి, గంట పడుతుందని. పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం ఫ్రేము నడిమధ్య నుంచి ఎంత దూరంలో ఉందో ఇంట్లోనే కొలిచి రాసుకెళ్లాను. ఆ కాగితం చూసి, ఇరుసుకు తొడిగే ఒక ఉక్కు రింగు కూడా కోసిచ్చాడు. దాంతో చైను వంకర లేకుండా నడుస్తుంది. "చైన్ సీదా లేకపోతే పళ్లు మొత్తం తినేస్తది భాభీ" అని లలితకు వివరించాడు.

అతని పని అయ్యాక నేను షెడ్డు ముందు కూర్చుని, పాత హబ్బు ఊడదీసి, రిమ్ముకు కొత్త పుల్లలు ఎక్కించడం మొదలుపెట్టాను. లలిత పక్కనే కూర్చుని ఎడమ చేత్తో ఒక్కో పుల్ల అందిస్తోంది. పదిహేను పుల్లలు అయ్యాక పని ఆపాను. ఆమె పడ్డప్పటి నుంచీ చెప్పకుండా దాచుకున్న మాట ఒకటుంది.

"లలితా, నువ్వు పడకముందు ఓ వారం సంది వెనక చక్రంల టక్కుటక్కుమని సప్పుడొచ్చింది. నాకు ఇనొచ్చింది. ఆదివారం ఇప్పి సూద్దామనుకున్న. నీకు చెప్పలె."

ఆమె చేతిలోని పుల్లను ఒళ్లో పెట్టుకుంది.

"నాక్కూడ ఇనొచ్చింది."

"మరి నాకెందుకు చెప్పలె?"

"ఎట్ల చెప్తయ్యా? డ్యూటీ నుంచొచ్చి, చాయ్ గూడ తాగకుంట దాని ముందట కూసునేటోనివి. ఊరోళ్లందర్కి సూపెట్టుకున్నవు. గంత కష్టపడి చేసినదాన్ని బాగలేదని నా నోటితోని ఎట్లంట?"

నాకు ఏడుపొచ్చింది. రోజూ పాలు తీసుకుని ఆ ఎత్తెక్కుతూ నన్ను నేను తిట్టుకున్నాను. ఆమె కట్టు విప్పిన రోజు ఆ సన్నబడిన చెయ్యి చూసి ఇంటి వెనక్కి పోయి నిలబడ్డాను. ఇన్నాళ్లూ ఆమె కూడా లోపల అదే మోస్తోందని అనుకోలేదు.

"ఇగ ఊకో. అందరు సూస్తున్నరు" అని పైట కొంగుతో నా ముఖం తుడిచింది. "ఇగ నుంచి ఏ సప్పుడైనా సరే, ఎవ్వలికి ఇనొస్తె వాళ్లు చెప్పాలె. పుల్ల పట్టు, ఇంక ఇరవై ఒకటున్నయి."

రాజేశ్ ఏమీ విననట్టే లోపలికి వెళ్లి మా ఇద్దరికీ నీళ్ల సీసా తెచ్చి పెట్టాడు. తర్వాత చక్రాన్ని తిప్పి, వంకరున్న చోట రెండు పుల్లలు బిగించి సరిచేశాడు. నాలుగు వందల యాభై తీసుకున్నాడు.

మూడింటికి బయల్దేరి నాలుగున్నరకల్లా ఇల్లు చేరాం. చక్రం బిగించి, క్యాన్లలో పాలకు బదులు నీళ్లు నింపి, పొద్దు ఇంకా ఉండగానే ఎత్తు దగ్గరికి వెళ్లాం. లలిత తొక్కుతుంటే నేను వెనక నడిచాను. సగం ఎక్కాక ఆమె ఉన్నట్టుండి బ్రేకు వేసి కాలు కింద పెట్టింది. నేను పరుగెత్తాను.

"ఏమైంది?"

"ఏం గాలె. ఈడ ఆగి, ఈడికెళ్లే ఎక్కాలె గదా. ఇప్పుడే సూసుకుంట. నువ్వు పట్టకు."

పట్టుకోలేదు. పెడల్ తొక్కింది. వెనక చక్రం మట్టిని గట్టిగా పట్టి, జారకుండా, తొణక్కుండా పైకి లాగింది. పైకెక్కాక సైకిల్‌కు స్టాండు వేసి, క్యాను మూత తీసి దోసెడు నీళ్లతో ముఖం కడుక్కుంది. నేను ఆయాసపడుతూ చేరేసరికి నా చేతుల్లోనూ నీళ్లు పోసింది.

ఇది జరిగి రెండు వారాలైంది. పాలు మళ్లీ లలితే తీసుకెళ్తోంది. మొన్న చాయ్ తాగుతూ, ముందు బ్రేకు కొంచెం కీచుమంటోందని చెప్పింది. వెంటనే లేచి చూశాను, రబ్బరు అరిగింది, మార్చాను. అంత చిన్న మాట ఆమె తేలిగ్గా చెప్పడం, నేను నొచ్చుకోకుండా లేవడం మా ఇంట్లో కొత్త. ఆ సైకిల్‌ను ఆమె మీద ప్రేమతోనే చేశాను. కానీ చేస్తున్నన్నాళ్లూ ఆమెను ఒక్క మాటా అడగలేదు. చెయ్యి ఎక్కడ నొప్పి, ఎక్కడ ఆగాలి, ఎంత వేగం చాలు అనేవి అన్నీ ఆమెకే తెలుసు. ఆ రోజు దుకాణంలో సేటు అడిగిన రెండు ప్రశ్నలు నేను ఏడాది ముందే అడగాల్సింది.

మీరూ ఇలాంటి పనికి పటాన్‌చెరు వెళ్తే పాత చక్రం, చైను కొలతల కాగితం తీసుకెళ్లండి. వాటితో పాటు ఆ బండి రోజూ నడిపే మనిషిని తప్పకుండా వెంటబెట్టుకుని వెళ్లండి. డబ్బులిచ్చే ముందు ప్రతి సామానూ వాళ్ల చేతికిచ్చి చూడమనండి.