మసికాగితం మీద ఊపిరి

శవాల్ని కోసి చదువుకున్నవాణ్ణి నేను. దెయ్యాలూ ఆత్మలూ అంటే అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

పంతొమ్మిది వందల ఇరవైల నాటి మాట. మెదడు మనిషి ఊపిరిని ఎలా నడిపిస్తుందన్నది మా ప్రొఫెసర్ గారి పరిశోధన. నేను ఆయన సహాయకుణ్ణి. మన్యపు జ్వరం తలకెక్కినవాళ్ల ఊపిరి ఎలా మారుతుందో చూడాలని పాడేరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రికి వచ్చాం. వానాకాలం. వచ్చిన దగ్గర్నుంచీ చావులే. ఇద్దరికీ ఓపిక అయిపోయింది.

ఆ మధ్యాహ్నం సన్నమ్మ అనే ఆమె స్పృహ లేకుండా పడి ఉంది. పెదబయలు వైపు కొండమీది ఊరు. మొగుడు డోలీలో మోయించుకొచ్చాడు. ఆమె రొమ్ముకి రబ్బరు పట్టీ చుట్టాం. పట్టీకో గొట్టం, గొట్టం చివర సూది. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడల్లా, తిరుగుతున్న డబ్బాకి చుట్టిన మసి పట్టించిన కాగితం మీద సూది గీసే గీత లేచేది.

కాసేపటికి గీత లేవడం మానేసింది. నాడి లేదు. కనుపాపలు వెలుగుకి కదల్లేదు.

"అయిపోయింది. పట్టీ విప్పెయ్," అన్నారు ప్రొఫెసర్ గారు. విప్పి బల్లమీద పెట్టాను.

వాన తగ్గేదాకా డోలీ కదలదు. మొగుడు మాకు వీపు పెట్టి కూర్చుని, ఆమె చెవిలో చెప్పడం మొదలెట్టాడు.

"నడు సన్నమ్మా. గెడ్డ నీళ్లు దాటీసినాం. ఇంక ఎక్కుడే."

యంత్రం ఆపబోతున్నాను. సూది కదిలింది. కొండెక్కే మనిషి ఊపిరిలా గబగబా, పొట్టిపొట్టి గీతలు.

"ఆయాసమొచ్చిందేటి? ఇక్కడ కూకో."

గీతలు నెమ్మదించాయి.

కిటికీ మూశాను. గొట్టం ఊడబెరికాను. సూది ఆగలేదు. ప్రొఫెసర్ గారు ఆమె మెడమీద వేలు పెట్టి చూసి, అడ్డంగా తలూపారు. వేలు తియ్యకుండా అలాగే నిలబడిపోయారు.

"లే. అదిగో మన ఇల్లు. సేరీసినాం. పడుకో ఇంక."

గీత నిదానించింది. నిద్రపోయే మనిషి ఊపిరిలా పొడుగ్గా సాగి, ఆగిపోయింది. మొగుడు ఒక్కసారి కూడా యంత్రంవైపు తిరగలేదు.

ప్రొఫెసర్ గారు అరచేత్తో కాగితమంతా తుడిచేశారు. "సామాను సర్దు. నావల్ల కాదు," అన్నారు.

ఎందుకు తుడిచారని చాలా ఏళ్ల తర్వాత అడిగాను. "ఉంచితే దానికి ఏం పేరు పెట్టేవాళ్లం?" అన్నారు.

గాలి అనుకున్నాను. యంత్రం లోపం అనుకున్నాను. అదే యంత్రాన్ని అలాగే గొట్టం ఊడదీసి ఎన్నోసార్లు చూశాను. సూది ఎన్నడూ కదల్లేదు. మెదడు ఆగిపోయాక ఆ కొండ ఎక్కిన ఊపిరి ఎవరిదో నాకు తెలీదు.