అక్క గదికి వైఫై

మా ఇల్లు రైలుపెట్టెలా ఉంటుంది. చేపల వేట బాగా పడిన ప్రతి ఏడాదీ నాన్న వెనకవైపు ఒక గది కట్టుకుంటూ పోయాడు. ముందు హాలు, తర్వాత పడకగది, వంటిల్లు, వలల గది, అన్నిటికంటే చివర అక్క గది. వైఫై డబ్బా మాత్రం హాల్లో ఉండేది. దాని సిగ్నల్ అక్క గదిదాకా అందేది కాదు. సముద్రం పక్క ఊరు కదా, మామూలు ఫోన్ నెట్ వీడియోకు చాలదు.

అక్కకు పుట్టుకతోనే వినపడదు. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. చిన్నప్పుడు ఆమెతో కలిసి చదివిన స్నేహితురాలు ఇప్పుడు కావలిలో ఉంటుంది. రోజూ సాయంత్రం ఇద్దరూ వీడియోలో సైగలతో మాట్లాడుకుంటారు. అందుకోసం అక్క హాల్లోకి వచ్చి మా మధ్యే కూర్చునేది.

ఒకరోజు నా గురించి చెబుతోంది. నేను లావయ్యానని, ఒకే జాకెట్టును రెండుసార్లు విప్పి వదులు చేసిందని. నేను పకపకా నవ్వి, "ఒకసారే!" అని సైగ చేశాను. అమ్మ కూడా రెండు వేళ్లు చూపించింది. అక్క చేతులు ఆగిపోయాయి. ఫోన్ బోర్లా పెట్టేసి నా వైపు తిరిగింది.

"నీకు ఫోన్ వస్తే బయటికి వెళ్లి మాట్లాడుకుంటావు. నేనెక్కడికి వెళ్లాలి?" అని చేతులతో అడిగింది.

ఇన్నేళ్లూ ఆమె మాటలన్నీ మేం కూర్చుని చదువుతూనే ఉన్నాం.

మర్నాడే గూడూరు వెళ్లి సిగ్నల్ పెంచే చిన్న పెట్టె ఒకటి కొన్నాను. తెచ్చి అక్క గదిలో ప్లగ్గుకు పెట్టాను. లైట్లన్నీ వెలిగాయి, వీడియో మాత్రం కదల్లేదు. నెట్ కనెక్షన్ ఇచ్చిన అతన్ని పిలిపించాను. అతను చూసి నవ్వాడు.

"ఈడికి సిగ్నలే రాకపోతే ఇదేం పంచుద్దక్కా? దీన్ని మధ్యలో యాడన్నా పెట్టాల."

ఆ మాట అక్కకు సైగల్లో చెప్పాను. ఆమె వెంటనే గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్ద తీసుకుంది. హాల్లోంచి స్నేహితురాలికి వీడియో కలిపి, ఒక్కో అడుగే వెనక్కి నడిచింది. బొమ్మ తడబడిన చోటల్లా వంగి నేల మీద గీత గీసింది. వంటింట్లో ఫ్రిజ్ దాటగానే స్నేహితురాలు నోరు తెరిచి, ఒక చెయ్యి పైకెత్తి బిగుసుకుపోయింది. అక్క కడుపు పట్టుకుని నవ్వింది.

ఫ్రిజ్ దగ్గరి గీతకు ఇవతల, వంటింటి గుమ్మం దగ్గర పెట్టె పెట్టించాం. ఇప్పుడు అక్క గదిలో బొమ్మ వచ్చింది, కానీ మసకగా. వినేవాళ్లకు గొంతు వస్తే చాలు. అక్కకు వేళ్లు విడివిడిగా కనిపించాలి. ఆమె తల అడ్డంగా ఊపింది. కటింగ్ కాగితం మీద ఇల్లంతా గీసి, హాలు నుంచి బయటి గోడ వెంబడి తన కిటికీదాకా ఒక గీత లాగింది. టేపు తెచ్చి ఆ దూరం కొలిచేసింది కూడా.

"అక్క చెప్పిందే కరెక్టు," అన్నాడతను. "కేబుల్ లాగి ఆ చివర ఇంకో డబ్బా పెడితే సరిపోద్ది. నేనే ముందు చెప్పుండాల."

"ఉప్పుగాలికి ఆ తీగ నిలస్తదా నాయనా?" అంది అమ్మ.

"పైపులో పోనిస్తాలే అమ్మా."

రెండు రోజుల్లో పని అయిపోయింది. ఆ సాయంత్రం అక్క ఫోన్ తీసుకుని తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపలినుంచి చప్పట్లు, నేల మీద కాలు తపతపా కొట్టిన చప్పుడు, పెద్దగా నవ్వు. హాల్లో ఎప్పుడూ అంత గట్టిగా నవ్వగా వినలేదు.

అమ్మ ఆ తలుపు దాకా రెండుసార్లు వెళ్లి వచ్చింది.

"ఏం చెప్పుకుంటన్నారే అంతసేపు?"

"మనకెందుకమ్మా," అన్నాను. నాకూ తెలుసుకోవాలనే ఉంది.

గంట తర్వాత అక్క బయటికి వచ్చింది, మొహమంతా వెలుగుతో. ఏమిటి సంగతని అమ్మ చేత్తో అడిగింది. అక్క భుజాలెగరేసి, మాకిద్దరికీ అన్నం వడ్డించింది. తనూ తింటూ, చేపల పులుసు బాగుందని మాత్రం సైగ చేసింది.