ఎర్రనీళ్ల బండి

కార్ల సర్వీసు సెంటర్లో ఉద్యోగమంటే కార్ల సంగతంతా కాచి వడబోసినట్టేనని జనం నమ్మిన రోజులవి. గాజువాకలో అలాంటి ఒక సెంటర్లో కౌంటరు దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లని "ఏం కంప్లైంటండీ?" అని అడగడం నా పని. (బానెట్ ఎత్తిన పాపాన పోలేదు.) అయినా అనకాపల్లిలో మామయ్య ఇంట్లో ఉండి రోజూ బస్సులో వెళ్లొచ్చే నన్ను, ఆ వీధి వీధంతా ఇంజనీరు కింద జమకట్టేసింది. నేనూ కాదనలేదు. ఆ వయసులో అలాంటి పొరపాట్లు ఎవరు దిద్దుతారు?

మామయ్యది బెల్లం వ్యాపారం. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడింది. స్కూటరు ఆపుకోలేడు, కారు క్లచ్ తొక్కలేడు గనక ఎప్పుడూ ఎవరో ఒకరి స్కూటరు వెనక కూర్చునే మార్కెట్టుకి వెళ్లేవాడు. అలాంటివాడికి, విశాఖపట్నంలో ఓ ఓడ కెప్టెను వాడి వదిలేసిన పాత ఆటోమేటిక్ కారు దొరికింది. దానికి క్లచ్ లేదు, కుడికాలు ఒక్కటీ చాలు. మొదటిసారి తనే నడుపుకుంటూ మార్కెట్టుకి వెళ్లొచ్చిన రోజున అన్నానికి పిలిచినా రాకుండా కారు చుట్టూ తిరిగాడు. అత్తయ్యకి మాత్రం ఊరి కళ్లన్నీ దానిమీదే ఉన్నాయని బెంగ. కారు ఇంటికి రాగానే పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్లతో దిష్టి తీసి, ముందు చక్రాల మధ్య పారబోసేది. ఈ తంతు రోజూ జరగాల్సిందే.

కొన్నాళ్లకి కారు మొరాయించడం మొదలెట్టింది. "ఏటే అమ్మాయ్, వంతెన ఎక్కేటప్పుడు ఇంజను ఒకటే గోల పెడతంది గానీ బండి ముందుకి కదల్దు," అన్నాడు మామయ్య. ఊళ్లో మెకానిక్కు, క్లచ్చే లేని బండి తన వల్ల కాదని దండం పెట్టేశాడు. ఇక నేనే దిక్కు. కౌంటర్లో అందరినీ అడిగే ప్రశ్నే ఆయన్నీ గంభీరంగా అడిగాను. "కారు కింద మరకలేమైనా పడుతున్నాయా?"

"మీ అత్త దిష్టినీళ్లు తప్ప ఇంకేటీ లేవే."

"అయితే లీకు లేదు," అని తేల్చి పారేశాను.

ఓసారి అత్తయ్య చీడికాడలోని పుట్టింటికి వెళ్లి, మర్నాడు సాయంత్రం తిరిగొచ్చి గేటు దగ్గరే కొయ్యబారిపోయింది. కారు కింద ఎర్రటి మడుగు! "నేను లేనప్పుడు ఎర్రనీళ్లు ఎవులు పోసేరు? మన బండికి ఎవులో ఏటో సేసేరు. ఇది ఇంట్లో ఉండడానికి వీల్లేదు, రేపే అమ్మీయండి!" ఆ ఇంట్లో అత్తయ్య అన్నదంటే అయిపోయినట్టే. మామయ్య తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని కుర్చీలో కూలబడిపోయాడు. మళ్లీ ఎవరి స్కూటరు వెనకో కూర్చోవాలి.

వంగి ఆ మడుగులో వేలు పెట్టాను. (ఎవరో చేసింది నాకూ తగులుతుందని అత్తయ్య కేక.) వేలు జర్రున జారింది. నీళ్లయితే ఆ ఎండకి ఎప్పుడో ఇగిరిపోవాలి. అప్పుడు గుర్తొచ్చింది, ఆటోమేటిక్ కార్ల గేరుబాక్సులో పోసే ఆయిలు ఎర్రగా ఉంటుందని. రోజూ ఆ డబ్బాలు నా కౌంటరు ముందు నుంచే వెళ్లేవి. ఉతికిన మామయ్య పంచె తెచ్చి కారు కింద పరిచి, ఇంజను ఆన్ చేయించాను. "కొత్త పంచే తల్లీ!" అని అత్తయ్య లబోదిబోమంటుండగానే రేడియేటరు కిందుగా ఎర్రటి చుక్క పడింది, దాని పక్కనే ఇంకోటి. గేరుబాక్సు ఆయిలు చల్లబడడానికి రేడియేటరు దాకా వచ్చే రబ్బరు గొట్టం బీటలిచ్చింది. ఇన్నాళ్లూ అది కారుతూనే ఉంది, అత్తయ్య దానిమీదే దిష్టినీళ్లు పోస్తూనే ఉంది. గొట్టం మార్పించి ఎర్ర ఆయిలు నింపించాక, మామయ్య మమ్మల్నిద్దర్నీ ఎక్కించుకుని వంతెన మీదుగా రెండుసార్లు తిప్పాడు.

"ఆయిలు కారిందీ దిష్టి వల్లే," అంది అత్తయ్య, ఆ సాయంత్రం పళ్లెం తిప్పుతూ. అప్పట్నుంచి మామయ్య రోజూ పొద్దున్నే వంగి మరక మీద వేలు రాసేవాడు. "జారితే ఆయిలు, జారకపోతే మీ అత్త," అనేవాడు నాతో.

ఇప్పుడు నాకూ ఓ ఆటోమేటిక్ కారుంది. ఏ తేడా వచ్చినా అదే లైటు వెలిగించి చెబుతుంది. అయినా ఎక్కేముందు ఓసారి కిందకి వంగి చూస్తాను. నడుం పట్టేస్తుంది, వాచ్‌మన్ మొహం తిప్పుకుని నవ్వుకుంటాడు. నేల ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. లీకు లేదు. అత్తయ్య కూడా లేదు. నాలో నేనే నవ్వుకుని, ఆ పొడి నేల మీదే ఓసారి వేలు రాసి కారెక్కుతాను.